మార్కస్ ఆరీలియస్ ‘మెడిటేషన్స్’: నోట్స్ ఉన్నదా, లేనిదా? ఏది మేలు?

రెండో శతాబ్దపు రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ తన కోసం తాను గ్రీకులో రాసుకున్న ఆలోచనల పుస్తకం ‘మెడిటేషన్స్’. దీన్ని ఇంగ్లీషులో చదవాలంటే ఏ అనువాదం తీసుకోవాలని అడిగితే ఎక్కువగా వినిపించేవి మూడు. జార్జ్ లాంగ్ చేసినది 1862 నాటిది, కాపీరైట్ గడువు తీరిపోయింది కాబట్టి ఉచితంగా దొరుకుతుంది. గ్రెగరీ హేస్ అనువాదం 2002లో వచ్చింది, నేటి వాడుక ఇంగ్లీషు, గబగబా సాగిపోతుంది. రాబిన్ వాటర్‌ఫీల్డ్ 2021లో తెచ్చినది విపులమైన వ్యాఖ్యతో ఉంటుంది. ఎవరి ఇంగ్లీషు బాగుందన్నది తర్వాతి సంగతి. ముందు తేల్చుకోవాల్సింది, మార్కస్‌ని మనంతట మనమే చదువుకోవాలా, పక్కన విడమరిచి చెప్పే మనిషి ఉండాలా అని.

నా ఓటు వ్యాఖ్య ఉన్నదానికే. కానీ అవతలి పక్షాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఐదో పుస్తకం మొదలు చూడండి (ఇందులో అధ్యాయాల్ని పుస్తకాలనే అంటారు, మొత్తం 12). తెల్లారినా లేవబుద్ధి కాని మనిషి తనతో తానే వాదించుకుంటున్నాడు. మనిషిగా చేయాల్సిన పని కోసం లేస్తున్నాను, దానికింత సణుగుడెందుకు, దుప్పట్లో వెచ్చగా పడుకోవడానికే పుట్టానా అంటాడు. ‘ఇదే హాయిగా ఉంది కదా’ అని లోపల్నుంచి ఇంకో గొంతు. చీమలు, పిచ్చుకలు, తేనెటీగలు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, నీకేమొచ్చింది అని మళ్ళీ మొదటి గొంతు. దీనికి టీకా తాత్పర్యాలు దేనికి? పేజీ అడుగున అంకె కనిపించి కన్ను అటు పోతే ఆ వాదన ఊపు తగ్గుతుంది. ఇలాంటి చోట్ల హేస్ అనువాదమే హాయి.

ఇప్పుడు పదో పుస్తకంలో పదో ఖండిక చూద్దాం. సాలీడు ఈగని పట్టి గొప్పపడుతుంది. ఒకడు కుందేలుని పట్టి, ఒకడు వలలో చేపని పట్టి, ఒకడు అడవిపందుల్ని, ఒకడు ఎలుగుబంట్లని, ఇంకొకడు సర్మేషియన్లని పట్టి గొప్పపడతాడు. లోతుగా చూస్తే వీళ్ళంతా దోపిడీదొంగలే కదా అంటాడు మార్కస్. అంతే, ఖండిక అయిపోయింది. నోట్స్ లేకపోతే సర్మేషియన్లంటే ఏదో పాతకాలపు తెగ అనుకుని పేజీ తిప్పేస్తాం. డాన్యూబ్ నది అవతల ఆ సర్మేషియన్లతో యుద్ధం చేసిన రోమన్ చక్రవర్తి ఎవరో కాదు, ఇది రాసినవాడే. వాళ్ళమీద గెలిచినందుకు 175లో ‘సర్మాటికస్’ అనే బిరుదు కూడా తీసుకున్నాడు. అంటే ఆ దొంగల వరసలో చివర నిలబెట్టింది తనని తానే. రెండు లైన్ల నోట్ చేసే పని ఇది. అది లేకుండా ఎంత మంచి అనువాదమైనా ఈ ఖండికలో అసలు సంగతి చేరవేయలేదు.

ఐదో పుస్తకం ఇరవయ్యో ఖండిక ఇంకో రకం. దారికి అడ్డొచ్చిందే దారి అవుతుందని పోస్టర్ల మీద, స్టేటస్‌లలో తెగ తిరిగే వాక్యం ఇందులోదే. కెరీర్‌లో దెబ్బ తగిలితే ధైర్యం చెప్పుకునే మాటగా వాడుతున్నారు, తప్పేం లేదు. కానీ ఖండిక మొదలయ్యేది మనుషులతో. మనుషులకి మేలు చేయాలి, వాళ్ళని ఓర్చుకోవాలి కాబట్టి వాళ్ళు నాకు చాలా దగ్గరివాళ్ళు. నా కర్తవ్యానికి అడ్డం పడ్డప్పుడు మాత్రం ఎండ, గాలి, అడవిమృగం లాంటివాళ్ళే అంటాడు. బయటి పనికి అడ్డు తగలొచ్చు, సంకల్పానికి తగలదు అన్న స్టోయిక్ లెక్క దీని వెనక ఉంది (స్టోయిక్ అంటే మార్కస్ నమ్మిన ప్రాచీన గ్రీకు తత్వశాఖ). వ్యాఖ్య ఉంటే ఈ కొస పట్టుకుని వెనక్కి వెళ్ళొచ్చు. లేకపోతే మనకి కావలసిన వాక్యం ఏరుకుని పోతాం. ఈ పుస్తకం కొటేషన్ల గంప అయిపోయింది ఇలాగే.

కొన్నిచోట్ల నోట్ చదివాక మనసు బరువెక్కుతుంది కూడా. తొమ్మిదో పుస్తకంలో, గాలి చెడి వచ్చే తెగులు కన్నా బుద్ధి చెడటం పెద్ద తెగులు అంటాడు. 165 ప్రాంతం నుంచి రోమన్ సామ్రాజ్యాన్ని మహమ్మారి ఊపేసిందని తెలిస్తే ఇది అలంకారం కోసం తెచ్చిన పోలికలా అనిపించదు. అదే పుస్తకం చివర్లో ప్రార్థనల గురించి రాస్తూ, ‘నా బిడ్డని పోగొట్టుకోకుండా చూడు’ అని ఒకడు అడిగితే నువ్వు ‘పోగొట్టుకుంటానన్న భయం లేకుండా చెయ్యి’ అని అడుగు అంటాడు. మొదటిసారి చదివితే రాతిగుండె మాటలా ఉంటుంది. ఆయన పిల్లల్లో చాలామంది చిన్నతనంలోనే పోయారన్న సంగతి పక్కన పెట్టుకుని మళ్ళీ చదవండి.

నోట్స్‌తో ఇంకో లాభం ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. ఈ గ్రంథం మనదాకా వచ్చిన దారి చాలా సన్నం. పూర్తి పాఠం ఉన్న చేతిరాత ప్రతి వాటికన్‌లో ఒక్కటే మిగిలింది. 1559లో జ్యూరిక్‌లో మొదటిసారి అచ్చు వేసినప్పుడు వాడిన ప్రతి ఆ తర్వాత కనిపించకుండా పోయింది. అందుకని అక్కడక్కడా మూలం చెడి ఉంటుంది. నోట్స్ లేని అనువాదంలో ఆ అతుకులు కనపడవు, అన్నీ నున్నగా ఉంటాయి. పదకొండో పుస్తకంలో క్రైస్తవుల ప్రస్తావన ఒకటుంది. అది మార్కస్ మాట కాదు, తర్వాత ఎవరో అంచున రాసుకున్నది లోపలికి చేరిందని అనుమానించే పండితులు చాలామందే ఉన్నారు. క్రైస్తవుల గురించి ఆయన ఏమనుకున్నాడో తేల్చేసే ముందు పాఠకుడికి ఇది తెలియాలి.

వ్యాఖ్యతో ఇబ్బందులూ ఉన్నాయి. మార్కస్ రెండు లైన్లు రాస్తే అడుగున పది లైన్లుండే చోట్ల విసుగొస్తుంది. పైగా వ్యాఖ్యాతకి తనదంటూ ఒక చూపు ఉంటుంది. మనం ఏమనుకోవాలో మనకన్నా ముందే చెప్పేస్తాడు. క్లాసులో మాస్టారు కథ మొదలెట్టకుండానే నీతి చెప్పేసినట్టుంటుంది ఒక్కోసారి. అందుకే నోట్స్ ఉన్న పుస్తకం కొన్నా, ఒక్కో ఖండిక ముందు ఒట్టిగా చదివి, ఎక్కడ ఆగామో అక్కడే కిందికి చూడటం మంచిది.

లాంగ్ సంగతి? ఉచితం అన్నదొక్కటే కారణమైతే వద్దంటాను. పాతకాలపు ఇంగ్లీషుతో కుస్తీ పట్టలేక చాలామంది రెండో పుస్తకం దాటరు, తప్పు మార్కస్ మీద వేస్తారు. మూలానికి దగ్గరగా నడిచే అనువాదం కాబట్టి రెండోసారి పక్కన పెట్టుకుని పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఈ తీర్పు అన్ని ప్రాచీన గ్రంథాలకీ వర్తించదు. ప్లేటో రాసిన సోక్రటీస్ కోర్టు ప్రసంగం నాటకంలా నడుస్తుంది, మొదటిసారి నోట్స్ లేకుండా చదివితేనే రుచి. అరిస్టాటిల్‌ని నోట్స్ లేకుండా మొదలెట్టమని శత్రువుకి కూడా చెప్పను. మెడిటేషన్స్ రెండిటికీ మధ్యరకం. ఎవరూ చదవాలని రాసింది కాదు, సొంత నోట్‌బుక్. తనకి తెలిసినవేవీ తనకే వివరించుకోవాల్సిన అవసరం ఆయనకి లేదు. అందుకే మనకి ఆ వివరణ కావాలి.

మొదటి పుస్తకానికైతే ఇది మరీ నిజం. అందులో తనని తీర్చిదిద్దినవాళ్ళ పేర్లు వరసగా వస్తాయి, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో చెబుతాడు. స్టోయిక్ తత్వవేత్త ఎపిక్టెటస్ బోధల ప్రతి తన చేతికిచ్చింది తన గురువు రస్టికస్ అని రాస్తాడు. రోమ్ నగరాధికారిగా ఉండి, క్రైస్తవ రచయిత జస్టిన్‌కి మరణశిక్ష వేసింది ఆ రస్టికసే. నోట్స్ లేని ప్రతిలో ఈ భాగం ఊరూపేరూ తెలియనివాళ్ళ జాబితాలా తోస్తుంది, అక్కడే పుస్తకం మూసేసేవాళ్ళున్నారు. చేతిలో అలాంటి ప్రతే ఉంటే రెండో పుస్తకంతో మొదలుపెట్టి, మొదటిదాన్ని ఆఖర్న చదవండి. వ్యాఖ్య ఉన్నదే కొనేట్టయితే అచ్చు పుస్తకం తీసుకోండి. ఈ-బుక్‌లో అంకె నొక్కి నోట్‌లోకి వెళ్ళి వెనక్కి రావడంలోనే సగం ఓపిక అయిపోతుంది.