ప్లూటో లెక్క: గుండ్రంగా ఉంటే చాలా, దారి కూడా తనదై ఉండాలా?

సైన్స్ ఎగ్జిబిషన్ల కాలం వచ్చిందంటే ఒంగోలు నుంచి నెల్లూరు దాకా బళ్లలో ఇదే ప్రశ్న: చార్టులో ఎనిమిది గ్రహాలు రాయాలా, ప్లూటోనీ కలపాలా? మార్కులు ఎనిమిదికే. న్యాయం ఎటుందన్నది వేరే సంగతి.

2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం పెట్టిన మూడు షరతులు: సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య చుట్టుపక్కల వేరే సరుకు లేకుండా ఖాళీ చేసుకోవాలి. ప్లూటో తప్పింది మూడోదాంట్లో. 2017లో గ్రహ శాస్త్రవేత్త అలన్ స్టెర్న్ తదితరులు తెచ్చిన నిర్వచనానికి ఆ షరతే లేదు. నక్షత్రం కాకుండా, సొంత గురుత్వంతో గుండ్రబడితే చాలు, ఎక్కడ తిరిగినా గ్రహమే.

వాళ్ల మాటలో బలముంది. గిత్త ఒంగోలు జాతిదని మూపురం, గంగడోలు చూసి చెబుతాం గానీ ఏ కొట్టంలో కట్టేశారో చూసి కాదు కదా. ఆ లెక్కన చందమామ, శని ఉపగ్రహం టైటాన్ కూడా గ్రహాలై సంఖ్య వంద దాటుతుంది. దాటనీ, అదేం దోషం కాదు. చిక్కంతా గుండ్రదనంతోనే. శని ఉపగ్రహం మిమాస్ వ్యాసం 396 కి.మీ., చక్కగా గుండ్రం. నెప్ట్యూన్ ఉపగ్రహం ప్రోటియస్ 420 కి.మీ. దాకా ఉండీ వంకరటింకర. 525 కి.మీ. గ్రహశకలం వెస్టా కూడా పూర్తి గుండ్రం కాదు. మంచా, రాయా, లోపల ఎంత వేడి పుట్టింది అన్నదాన్ని బట్టి గీత జరిగిపోతూ ఉంటుంది.

దారి విషయంలో గీత ప్రకృతే గీసింది. 2006లో ఖగోళ శాస్త్రవేత్త స్టీవెన్ సోటర్ ఒక్కో గ్రహాన్నీ దాని కక్ష్య ప్రాంతంలోని మిగతా సరుకంతటితో తూచి చూశాడు. భూమి 17 లక్షల రెట్లు. ఎనిమిదింటిలో కడపటిదానికీ వేలల్లోనే. గ్రహశకలాల గుంపులో అతిపెద్దదైన సెరెస్‌కు 0.33, ప్లూటోకు 0.1 కూడా లేదు. నడుమ ఎవరూ లేరు. అందుకే మొగ్గు ఎనిమిది వైపే.

‘నెప్ట్యూన్ దారిలో ప్లూటో ఉందిగా, అదీ ఖాళీ చేయనట్టేగా’ అంటారు. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేసరికి ప్లూటో సరిగ్గా రెండు తిరుగుతుంది. ఆ లయలో దాన్ని కట్టిపడేసింది నెప్ట్యూనే.

సంఘం నిర్వచనానికీ లోపాలున్నాయి. ‘ఖాళీ’కి అంకె ఇవ్వలేదు, సూర్యుడి చుట్టూ తిరిగేవాటికే పరిమితం చేసింది. 2024లో ఖగోళ శాస్త్రవేత్త మార్గో బృందం 1 పక్కన 23 సున్నాల కిలోల బరువును హద్దుగా ప్రతిపాదించింది. బుధుడు దాటతాడు, ప్లూటో ఏడో వంతుకూ రాదు.

గుళ్లో నవగ్రహాలతో పోలిక వద్దు. అక్కడ సూర్యచంద్రులు, రాహుకేతువులు ఉన్నారు, ప్లూటో ఏనాడూ లేదు.

మోడల్ చేసేవాళ్లు భూమి-సూర్యుల దూరాన్ని ఒక మీటరు పెట్టుకోండి. సూర్యుడు డాలర్ శనగ గింజంత వస్తాడు. నెప్ట్యూన్‌కు 30 మీటర్ల తాడుతో వలయం గీయండి. ప్లూటోకు తొమ్మిదో వలయం గీయడమే అందరూ చేసే తప్పు. దాని దారి సూర్యుడికి 29.7 మీటర్ల దగ్గరికి వచ్చి 49 మీటర్ల దాకా వెళ్లే కోలవలయం, పైగా 17 డిగ్రీలు వాలి ఉంటుంది. సున్నం ముగ్గుతో నేల మీద వాలు చూపలేం, దానికి కర్రలు పాతి తాడు కట్టాల్సిందే.