మాట్లాడని హీరోతో 170 గంటలు

డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్ అనే వీడియో గేమ్ రెండుసార్లు పూర్తి చేశాను. రెండూ కలిపి 170 గంటలు దాటింది. హీరోకి నా పేరే పెట్టుకున్నా, మొదటిసారి ఆడినంత కాలం అతను నేనేనని ఒక్కచోట కూడా అనిపించలేదు. ఈ ఆట అంటే నాకు ప్రాణం, అందుకే ఆ లోటు అంతగా బాధించింది.

హీరో మాట్లాడకపోతే ఆ ఖాళీని మన మనసే నింపుకుంటుందని అంటారు. కానీ చుట్టూ ఉన్నవాళ్లంతా గొంతెత్తి ఏడుస్తూ, నవ్వుతూ ఉంటే, మధ్యలో అతనొక్కడే బొమ్మలా నిలబడతాడు. పెరిగిన ఊరు బూడిదైనా ముఖంలో కదలిక అంతంతమాత్రమే. నాకు గుండె బరువెక్కింది, అతనికేమనిపించిందో మాత్రం తెలియలేదు. పైగా అవునా కాదా అని అడిగి, కాదంటే చాలాచోట్ల మళ్లీ అదే ప్రశ్న వేస్తారు. అలాంటప్పుడు అడగడం దేనికి?

గొంతు పెడితే సరిపోతుందా అంటే, అదీ కాదు. 2015లో వచ్చిన ఫాల్అవుట్ 4లో హీరో మాట్లాడతాడు. నేను మెత్తగా అడుగుదామని తెర మీద ఇచ్చిన మాటల్లో ఒకటి ఎంచుకుంటే, అతను ఇంకో స్వరంలో ఇంకేదో అనేవాడు.

నన్ను నిజంగా కదిలించింది 1995 నాటి క్రోనో ట్రిగర్. మొదట్లో ఒక ఉత్సవంలో, బల్ల మీదున్న ఎవరిదో భోజనం ఊరికే తినేశాను. ఢీకొని కిందపడిన అమ్మాయిని పలకరించకుండా, ముందు ఆమె లాకెట్ తీసుకున్నాను. తర్వాత కోర్టు సీన్‌లో అవన్నీ సాక్ష్యాలుగా బయటికొచ్చాయి. హీరో అక్కడా నోరు విప్పడు, కానీ సిగ్గుతో తల దించుకున్నది నేను. మనం చేసిన పనిని ఆట గుర్తుపెట్టుకుంటే చాలు, హీరో మాట్లాడాల్సిన పనే లేదు.

డ్రాగన్ క్వెస్ట్‌ను రెండోసారి, పాతకాలపు ఆటలా కనిపించే 2డి మోడ్‌లో ఆడాను. కథ అదే, హీరో అదే. అందరూ చిన్న చిన్న బొమ్మలే, ఎవరికీ గొంతు లేదు, అన్నీ తెర మీద అక్షరాలే. అందరూ అలాగే ఉండేసరికి అతని మౌనం వింతగా అనిపించలేదు. 2017లో జపాన్‌లో మొదట విడుదలైనప్పుడు కూడా ఇందులో వాయిస్ లేదు, బహుశా ఈ హీరోని మలిచింది అలాంటి ఆట కోసమే. కాలిపోయిన ఊరి దగ్గరికి మళ్లీ వచ్చాక, బటన్ నొక్కకుండా కాసేపు అక్కడే ఆగిపోయాను. ఈసారి అక్కడ నిలబడింది నేనే.