రెండు వర్షాకాలాలు చూసిన పెగ్‌బోర్డు

విశాఖపట్నంలో మేముండే అపార్ట్‌మెంటులో వంటగది వెనక ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల వాష్ ఏరియా ఉంది. అందులో సగం బట్టల మిషనుకు పోగా మిగిలిన సగమే నా పనిగది. అక్కడ ఒక బల్ల, బల్ల అంచుకు బిగించిన చిన్న వైసు (వస్తువును కదలకుండా బిగించి పట్టే సాధనం), బల్ల కింద ఒక ఇనుప ట్రంకు పెట్టె ఉన్నాయి. మూడేళ్ళ క్రితం వరకు నా పనిముట్లన్నీ ఆ పెట్టెలోనే ఉండేవి. అడుగున ఉన్న ఆకురాయి కావాలంటే పైనున్న సుత్తి, పానాలు, రంపం అన్నీ నేల మీద పరచవలసి వచ్చేది. పని ముగిశాక వాటిని తిరిగి సర్దడానికి దాదాపు పనికి పట్టినంత సమయమూ పట్టేది. ఎంతో ఓపికగా నూరుకున్న ఉలి అంచు పక్కనున్న ఇనుప సామానుకు రాసుకుని మొండిబారడం వీటన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది. నేల మీద మరో బీరువా పెట్టే వీలు లేదు, ఖాళీగా ఉన్నది గోడ ఒక్కటే కనుక పెగ్‌బోర్డు తెప్పించాను. మొదట హార్డ్‌బోర్డు పలక, అది పాడయ్యాక ఉక్కు పలక వాడాను. ఆ రెండింటి మంచిచెడ్డలూ ఇక్కడ చెబుతున్నాను.

పెగ్‌బోర్డు అంటే వరుసగా రంధ్రాలు వేసిన పలక. ఆ రంధ్రాలలో కొక్కేలు దూర్చి వాటికి పనిముట్లు తగిలించుకుంటాం. కొక్కేన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు, మేకు పీకవలసిన అవసరం లేకుండా, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకోగలగడమే దీని గొప్పతనం. అయితే కొనేముందు తప్పక గమనించవలసిన విషయం ఒకటుంది. పెగ్‌బోర్డులన్నిటికీ ఒకే కొలత లేదు. అమెరికా పద్ధతి పలకల్లో ఒక రంధ్రం మధ్య నుంచి పక్క రంధ్రం మధ్యకు సరిగ్గా ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. అందులోనూ పావు అంగుళం మందం గల పలకకు వేరే కొక్కెం, దానిలో సగం మందం గల పలకకు వేరే సన్నని కొక్కెం వస్తాయి. సన్నని కొక్కేన్ని పెద్ద రంధ్రంలో పెడితే దిగుతుంది కాని ఊగుతూనే ఉంటుంది. ఐరోపా కర్మాగారాలలో కనిపించే ఉక్కు పలకల్లో 10 మిల్లీమీటర్ల చదరపు రంధ్రాలు 38 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. 2018 ఆగస్టులో హైదరాబాదులో తెరచిన ఐకియా దుకాణం వారి స్కోడిస్ పలకల్లో గుండ్రని రంధ్రాలకు బదులు నిలువు చీలికలుంటాయి. ఒకదాని కొక్కేలు మరొకదానికి పనికిరావు. పలక ఒక చోట చవకగా వచ్చిందని, కొక్కేలు ఇంకో చోట చవకగా వచ్చాయని విడివిడిగా కొంటే రెండూ వృథా అవుతాయి.

నా మొదటి పలక రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల హార్డ్‌బోర్డు. దానిలో వెయ్యికి పైగా రంధ్రాలున్నాయి. చూడడానికి చక్కగా, తేలికగా, సులభంగా కోసుకోగలిగేలా ఉండేది. దాన్ని గోడకు నేరుగా ఆనించి బిగించబోతుంటే మా వడ్రంగి ఆపి, "ముందు వెనక పట్టీలు కొట్టుకోవాలండి, బోర్డు గోడకి ఆనేస్తే కొక్కెం దిగదు" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. కొక్కెం వెనక కొస పైకి వంగి ఉంటుంది. దాన్ని ఏటవాలుగా రంధ్రంలోకి తోసి కిందికి దించితే ఆ కొస పలక వెనక పైకి లేచి పట్టుకుంటుంది. ఆ కొస తిరగడానికి పలకకూ గోడకూ మధ్య కనీసం అర అంగుళం ఖాళీ కావాలి. ముప్పావు అంగుళం మందం గల టేకు పట్టీలు నాలుగు వైపులా ఒకటి చొప్పున, నడుమ అడ్డంగా మరొకటి బిగించాక పలక గట్టిగా నిలబడింది. నడిమి పట్టీ లేకపోతే పలక మధ్యలో పొట్ట వస్తుందని కూడా ఆయనే చెప్పాడు.

ఆ పలక ఒక్క వర్షాకాలమే నిలిచింది. హార్డ్‌బోర్డు తయారీ ఎలాంటిదో తెలిస్తే దీనికి కారణం అర్థమవుతుంది. 1924లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, లారెల్ అనే ఊళ్ళో, విలియం మేసన్ అనే ఆయన కర్ర ముక్కలను అధిక పీడనం గల ఆవిరితో పేల్చి నారగా చేసి, ఆ నారను వేడిగా నొక్కి గట్టి పలకగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. ఆ పలకకున్న మేసొనైట్ అనే పేరు ఆయన పేరు నుంచే వచ్చింది. ఆ పద్ధతిలో కర్రలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థమే నారను అతికించి ఉంచుతుంది. పొడి గదిలో అలాంటి పలక ఏళ్ళ తరబడి ఉంటుంది, కాని తేమ తగిలితే నొక్కి ఉంచిన నార మళ్ళీ ఉబ్బడం మొదలుపెడుతుంది. రంధ్రం వేసిన ప్రతి చోటా లోపలి నార బయటపడే ఉంటుంది కనుక మామూలు హార్డ్‌బోర్డు కంటే పెగ్‌బోర్డుకు ఈ బెడద ఎక్కువ. బట్టల మిషను పక్కన, సముద్రపు గాలి తగిలే చోట, ఆషాఢం నుంచి కార్తీకం దాకా దాని కింది అంచు అప్పడంలా పొంగి పొరలు విడిపోయింది. సుత్తి తగిలించిన రెండు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి కొక్కేలు కిందికి వాలిపోయాయి. ఇంటి లోపలి గదిలో, వంటగదికి దూరంగా బిగించుకునే వారికి హార్డ్‌బోర్డు ఇప్పటికీ మంచి ఎంపికే. మా లాంటి కోస్తా ఊళ్ళలో, తడి తగిలే చోట మాత్రం నేను సిఫారసు చేయను.

ప్రస్తుతం వాడుతున్నవి పౌడర్ కోటింగ్ వేసిన ఉక్కు పలకలు రెండు, ఒక్కొక్కటి రెండడుగుల చదరం. వీటి అంచులు వెనక్కి మడిచి ఉండడంతో వేరే పట్టీల అవసరం రాలేదు. బరువు విషయంలో హార్డ్‌బోర్డుతో వీటికి పోలికే లేదు. బ్యాటరీతో నడిచే డ్రిల్లు మిషను, కిలో సుత్తి, పెద్ద పైపు పానా మూడూ ఒకే పలక మీద ఉన్నా చలించవు. రేకు ఇనుపది కనుక అయస్కాంతపు పట్టీ ఒకటి అతికించి డ్రిల్లు బిట్లను దానికి పెట్టుకోగలుగుతున్నాను, ఇది నేను ముందుగా ఊహించని లాభం. అయితే గోడలో డ్రిల్లు వేసేటప్పుడు జాగ్రత్త పడాలి. ఈ మధ్య కట్టిన అపార్ట్‌మెంట్లలో గోడలు చాలాచోట్ల ఏఏసీ అనే తేలికపాటి బ్లాకులతో కడుతున్నారు. ఎర్ర ఇటుకలో, కాంక్రీటులో గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ ప్లగ్గు ఆ బ్లాకులో వదులైపోతుంది. వాటిలో డ్రిల్లు హ్యామర్ మోడ్ (తిరుగుతూనే సుత్తిలా కొట్టే పద్ధతి) ఆపి మెల్లగా రంధ్రం వేయాలి, ఆ బ్లాకులకని అమ్మే పొడవైన నైలాన్ ప్లగ్గులే వాడాలి. నేను పై వరుస స్క్రూలు రెండు కాంక్రీటు పిల్లరులోకి వచ్చేలా పలకను కొంత పక్కకు జరిపి బిగించాను.

ఇక అసలు సమస్య కొక్కేలతోనే వచ్చింది. పలక ఎంత బాగున్నా, పానా తీసుకోవడానికి చేయి పైకెత్తగానే దానితో పాటు కొక్కెం కూడా ఊడి చేతికి వస్తే ఆ ఏర్పాటు మీద నమ్మకం పోతుంది. ఒక సాయంత్రం కుళాయి బిగించే తొందరలో పానా లాగితే కొక్కెం ఊడి వెళ్ళి వైసు వెనక పడింది. బల్ల జరిపి వెతికితే తప్ప దొరకలేదు. ఎక్కించడానికి ఏ కదలిక కావాలో ఊడడానికీ అదే కదలిక చాలు, అందుకే ఒంటి కాలు కొక్కేలన్నిటికీ ఈ లోపం ఉంటుంది. కింది వైపు మరో రంధ్రంలో దిగే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు పెడితే కొక్కెం కదలదు. క్లిప్పులు దొరకని చోట కొక్కెం కాడ మీదుగా పక్క రంధ్రాలలోకి కేబుల్ టై బిగించాను, అదీ అంతే చక్కగా పనిచేస్తోంది. రెండు కాళ్ళు గల కొక్కేలు ధర ఎక్కువైనా రోజూ తీసి పెట్టే పనిముట్లకు అవే కొనడం మంచిది. కొక్కెం ఎంత ముందుకు పొడుచుకు వస్తే బరువు దాన్ని అంతగా కిందికి వంచుతుంది కనుక బరువైన వస్తువులకు పొట్టి కొక్కేలే వాడాలి.

ఏది తగిలించాలి, ఏది వద్దు అన్న విషయంలో నా అభిప్రాయం చాలా మారింది. మొదట్లో మేకుల డబ్బాలు, గమ్ము ట్యూబులు, సాండ్ పేపరు కూడా గోడకెక్కించాను. వాటితో పలక నిండిపోయి, రోజూ కావలసిన కటింగ్ ప్లేయరుకు చోటు లేకుండా పోయింది. ఇప్పుడు పలక మీద చేతితో పట్టి పనిచేసే వస్తువులే ఉన్నాయి. మేకులు, స్క్రూలు పాత హార్లిక్స్ సీసాలలోకి వెళ్ళాయి. సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపరు దుమ్ము పడకుండా దాని పెట్టెలోనే ఉంది. ఉలులు, రంపం మనవడి చేతికి అందని ఎత్తులో, అంచు గోడ వైపు తిరిగి ఉండేలా పెట్టాను. మూలమట్టం, టేపు, రెండు స్క్రూడ్రైవర్లు నా భుజం ఎత్తున కుడి చేతి వైపు ఉన్నాయి.

ప్రతి పనిముట్టు చుట్టూ మార్కరుతో గీత గీయడం ఈ మొత్తం ఏర్పాటులో నాకు అత్యంత ఇష్టమైన భాగం. వంటల రచయిత్రి జూలియా చైల్డ్‌కు ఆమె భర్త పాల్ మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ ఇంట్లో గిన్నెలు, మూకుళ్ళు తగిలించడానికి పెగ్‌బోర్డు బిగించి, ఏది ఎక్కడ ఉండాలో దాని ఆకారాన్ని గీసి చూపాడు. ఆ వంటగది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. నేను ఉద్యోగం చేసిన కర్మాగారపు టూల్ రూములోనూ ఇలాంటి బొమ్మలుండేవి. అక్కడ ఎవరైనా పనిముట్టు తీసుకెళ్తే తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ళను ఆ కొక్కేనికి తగిలించాలి, తిరిగి ఇచ్చాకే బిళ్ళ తీసుకోవాలి. ఆ పద్ధతిని ఇంట్లోనూ పెట్టాను. పై అంతస్తు వారి అబ్బాయి వచ్చి, "అంకుల్, పైపు పానా ఒకసారి ఇస్తారా?" అని అడిగితే ఆనందంగా ఇస్తాను, వారి ఫ్లాటు నంబరు రాసిన చిన్న బిళ్ళ ఖాళీ బొమ్మ మీద వేలాడుతుంది. పూర్వం ఎవరి ఇంట్లో ఏముందో గుర్తు రాక వారాల తరబడి వెతికేవాణ్ణి.

రెండో వర్షాకాలం తరువాత ఉక్కు పలక మీద కూడా లోపాలు బయటపడ్డాయి. కొక్కేలు మార్చినప్పుడల్లా రంధ్రం అంచున పెయింటు గీసుకుపోతుంది, ఉప్పు గాలికి అక్కడే మొదట తుప్పు పడుతుంది. తక్కువ రకం కొక్కేల పూత పలక కంటే ముందే పోయింది. నెలకొకసారి కుట్టుమిషను నూనెలో తడిపిన గుడ్డతో తుడుస్తున్నాను, దానితో తుప్పు అదుపులో ఉంది. బల్ల మీద మేకు కొట్టినప్పుడు కొక్కేలు టకటకలాడేవి. పలక నాలుగు మూలలా రబ్బరు వాషర్లు పెట్టాక ఆ చప్పుడు చాలా తగ్గింది.

తయారీదారులకు ఒక విన్నపం ఉంది. కొక్కేలను నాకు కావలసిన రకం, కావలసినన్ని విడిగా కొనుక్కునే వీలు నేను కొన్న చోట లేదు. అన్ని రకాలూ కలిపిన యాభై కొక్కేల ప్యాకెట్టే అమ్మారు, అందులో పొట్టి తిన్నని కొక్కేలు పన్నెండే ఉన్నాయి. అవి చాలక మరో ప్యాకెట్టు కొన్నాను, చివరికి కొక్కేల ఖర్చు పలకల ఖర్చును మించింది. అర్ధచంద్రాకారపు కొక్కేలు ఇరవై నా దగ్గర అట్టపెట్టెలో అలాగే ఉన్నాయి, ఇంతవరకు వాటికి సరిపోయే పనిముట్టు నాకు ఒక్కటీ కనిపించలేదు.