ఎండు బీఫ్ ఖీమాతో కొండదారిన: ఏ మజిలీలో వంట ఎలా కుదిరింది

కొండదారిన నడిచేవారు మజిలీలను సాధారణంగా అక్కడి దృశ్యాన్ని బట్టీ, పడకకు దొరికే చోటును బట్టీ బేరీజు వేస్తారు. ఈ యాత్రలో మా రాత్రి భోజనాలన్నీ ఇంట్లో ఎండబెట్టి తీసుకెళ్లిన బీఫ్ ఖీమాతోనే సాగవలసి ఉన్నందువల్ల, మేము ప్రతి మజిలీనీ మరికొన్ని ప్రశ్నలతో చూశాము: నీరు ఎంత దూరంలో ఉంది, గాలి ఎటు నుంచి కొడుతోంది, స్టవ్ ఆర్పిన తరువాత గిన్నెను పావుగంట సేపు వెచ్చగా ఉంచగలమా. ఈ చివరి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఎండు ఖీమాకు కావలసింది పెద్ద మంట కాదు, వేడి నీటిలో నానే సమయం.

మాంసం గురించి ముందుగా కొంత చెప్పాలి. కొవ్వు ఎండదు, నిల్వ ఉంచితే చెడు వాసన పట్టి మాంసం మొత్తాన్ని పాడుచేస్తుంది. కాబట్టి కొవ్వు 7 శాతానికి మించని ఖీమాను ఎంచుకున్నాము. 450 గ్రాముల ఖీమాకు సుమారు అరకప్పు బ్రెడ్ పొడి కలిపి, 71 డిగ్రీల సెల్సియస్ వేడి చేరేదాకా పెనం మీద వేయించి, పైకి తేలిన కొవ్వును కాగితంతో అద్ది తీసి, డీహైడ్రేటర్‌లో 63 డిగ్రీల దగ్గర గట్టిగా పొడిపొడి అయ్యేదాకా ఎండబెట్టాము. ముందుగా వేయించడం రుచి కోసం మాత్రమే కాదు. పచ్చి మాంసాన్ని నేరుగా ఎండబెడితే, తడి ఆవిరవుతున్నంతసేపూ మాంసం చల్లగానే ఉంటుంది, ఆరిపోయిన తరువాత అందులోని సూక్ష్మజీవులు వేడికి అంత తేలికగా చావవు. బ్రెడ్ పొడి లేకుండా ఎండిన ఖీమా గులకరాళ్లలా తయారై, ఎంత ఉడికించినా లోపల గట్టిగానే మిగులుతుంది. బ్రెడ్ పొడి మాంసపు రేణువుల మధ్య చేరి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. చివరికి మిగిలే బరువు పచ్చి ఖీమాలో మూడో వంతు కూడా ఉండదు.

మొదటి మజిలీ లోయలోని ఏర్పాటైన శిబిర స్థలం. నీటి కొళాయి, చెక్క బల్ల, అడవి జంతువులు తెరవలేని ఇనుప పెట్టెలు అన్నీ అక్కడ ఉన్నాయి. టెంట్ వేసుకునేంత సేపు ఖీమానూ, ఎండు టమాటా ముక్కలనూ చల్లటి నీటిలో నానబెట్టి, ఆ తరువాత పాస్తాతో కలిపి ఉడికించాము. ఎండు పదార్థం కొలతకు సమానంగానో, కాస్త ఎక్కువగానో నీరు పోస్తే సరిపోతుంది. వంటకు ఇంతకంటే అనువైన చోటు దారి మొత్తంలో లేదు. నిద్రకు మాత్రం ఇదే అన్నిటికంటే అధ్వాన్నం. పక్క టెంట్లవారి జనరేటర్ల మోత చాలా రాత్రి దాకా ఆగలేదు. రుసుము తీసుకునే చోట నిశ్శబ్ద వేళలను అమలు చేయడం కూడా సేవలో భాగమేనని నిర్వాహకులు గుర్తించాలి.

సరస్సు ఒడ్డు మజిలీ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. చూడటానికి అందంగా ఉంది, కానీ పని ఎక్కువ. గిన్నెలు కడిగే నీటిని సరస్సుకు కనీసం 60 మీటర్ల దూరంలో పారబోయాలి, ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కాబట్టి వంటచోటు టెంట్‌కు దూరంగా ఉండాలి, భోజనం మిగిలితే గట్టి మూత ఉన్న ఆహారపు డబ్బాలో దాచాలి. కొవ్వు తీసిన ఖీమా కావడంతో గిన్నెకు జిడ్డు పట్టక, కొద్దిపాటి నీటితోనే శుభ్రపడింది.

అసలు పరీక్ష చెట్లు పెరగని ఎత్తుకు చేరిన తరువాత, సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న శిఖరపు భుజం మీద ఎదురైంది. ఆ ఎత్తున నీరు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతుంది. ఎంత మంట పెట్టినా నీటి వేడి అంతకు మించి పెరగదు, గ్యాస్ మాత్రం ఖర్చవుతుంది. పాస్తా ఉడకడం ఆలస్యమవుతుందని ముందే అనుకున్నందువల్ల, ఆ రాత్రికి వేడి నీరు తగిలితే చాలు మెత్తబడే ఎండు బంగాళాదుంప పొడిని కేటాయించాము. ఖీమాను కొన్ని నిమిషాలు నానబెట్టి, ఒక నిమిషం మరిగించి, స్టవ్ ఆర్పేసి, గిన్నెను పాత ఫోమ్ పరుపుతో కుట్టిన తొడుగులో పెట్టి, మామూలు పావుగంటకు రెట్టింపు సేపు వదిలేశాము. మూత తీసినప్పుడు లోపల ఇంకా ఆవిరి పొగలు వస్తూనే ఉన్నాయి, మాంసం పంటికి మెత్తగా తగిలింది. చలిలో గ్యాస్ డబ్బాతో మరో చిక్కు ఉంది. కొన్ని డబ్బాలలో ఉండే బ్యూటేన్ అనే గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది కాబట్టి, ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బానే అక్కడికి తీసుకెళ్లాలి. గాలికి అడ్డుగా రేకు పెట్టినా దానితో స్టవ్ చుట్టూ పూర్తిగా మూసివేయకూడదు. డబ్బా వేడెక్కితే ప్రమాదం. గాలి కొట్టని గుంట ఒకటి దొరికినందువల్లే ఈ మజిలీకి నేను లోయ శిబిరం తరువాతి స్థానం ఇస్తున్నాను.

ఆ పైన చేరిన కొండ విడిదిలో పడకలు శుభ్రంగా ఉన్నాయి, దుప్పట్లు మందంగా ఉన్నాయి, లోపల సొంత స్టవ్ వెలిగించడం మాత్రం నిషేధం. వంటగది వారు ఫ్లాస్కులలో వేడి నీరు ఇస్తారు, అది చేతికి అందేసరికి మరిగే వేడి తగ్గి కాస్త చల్లారి ఉంటుంది. మా వెడల్పు మూతి ఫ్లాస్కును ముందుగా వేడి నీటితో కడిగి, ఖీమా, ఎండబెట్టిన అన్నం మెతుకులు, ఎండు కూరగాయలు వేసి బిగించి, భోజనాల వేళ దాకా ఉంచాము. తినగలిగేలా వచ్చింది గానీ, మరిగించిన వంటకు వచ్చే రుచి రాలేదు. నానిన ఖీమా పచ్చి మాంసంలాగే త్వరగా పాడవుతుంది కాబట్టి, గోరువెచ్చని నీటిలో గంటల తరబడి వదిలేయడం మాత్రం ఎక్కడా చేయకూడదు.

నడక మొదలయ్యే చోట ఉన్న దుకాణం మమ్మల్ని నిరాశపరచింది. విమానంలో గ్యాస్ డబ్బాలు తీసుకెళ్లనివ్వరు కాబట్టి అక్కడే కొనాలనుకున్నాము. ఫోనులో ఉన్నాయని చెప్పినవారు, తీరా వెళ్లేసరికి మా స్టవ్‌కు ఉన్న స్క్రూ మరకు సరిపోని, సూదితో గుచ్చి వాడే రకం చూపించారు. వేరే ఊరి దాకా వెళ్లి రావలసి వచ్చింది. దేశం దాటి వెళ్లేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. చాలా దేశాలు మాంసపు పదార్థాలను సామానులో తేనివ్వవు, ఇంట్లో ఎండబెట్టినదాన్ని అసలే ఒప్పుకోవు.

మాలో ఒకరు రెడీమేడ్ ఫ్రీజ్ డ్రైడ్ భోజనపు సంచులు తెచ్చుకున్నారు. గడ్డకట్టిన తేమను నేరుగా ఆవిరిగా మార్చి తీసేస్తారు కాబట్టి వాటిలో మాంసం ముడుచుకుపోదు, సన్నని రంధ్రాలు అలాగే మిగిలి నీటిని త్వరగా పీల్చుకుంటాయి. విడిదిలోని ఆ చల్లారిన నీటితో కూడా అవి మా ఫ్లాస్కు భోజనం కంటే ముందే సిద్ధమయ్యాయి. అయితే ఉప్పు ఎక్కువ, మాంసం తక్కువ అన్నది తిన్నవారి మాటే. స్టవ్‌ను అనుమతించే మజిలీలకు ఇంటి ఖీమానూ, అనుమతించని విడిదికి ఆ సంచులనూ తీసుకెళ్లడమే నాకు సరైన పద్ధతిగా తోస్తోంది.