కొల్లేరు, లేక్ జార్జ్: నీరు నిలిచే తీరు

గోదావరి డెల్టా అంచున కొల్లేరును చూస్తూ పెరిగిన మనకు, ఎండితే గొర్రెలు మేసే మైదానంగానూ, నిండితే సుమారు 25 కిలోమీటర్ల పొడవున పరుచుకునే మడుగుగానూ మారే ఆస్ట్రేలియాలోని లేక్ జార్జ్ వింతగానే తోస్తుంది. కాన్‌బెర్రాకు సమీపంలోని ఆ సరస్సు నుంచి నీరు బయటికి పోయే ఏరు లేదు. చేరిన నీరు ప్రధానంగా ఆవిరి కావలసిందే. ఎండిన నేలలో పాతిన కంచె గుంజలు, నిండిన ఏడాది నీటి మధ్యన నిలబడి కనిపిస్తాయి. కొల్లేరుకైతే బుడమేరు, తమ్మిలేరు వరద తెస్తే, ఉప్పుటేరు సముద్రానికి చేరవేస్తుంది. రెండూ లోతు తక్కువ సరస్సులే. అయితే జార్జ్‌ను ఎండగట్టేది వాన లోటు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరును కుదించినవి మాత్రం, 2006లో చెరువుల తొలగింపు పెద్ద ఎత్తున జరిగినప్పటికీ, ప్రధానంగా చేపల చెరువుల గట్లే. గుర్రపుడెక్క సంగతి సరేసరి.