నాలుగేళ్ల లేజర్ ప్రింటర్: నన్ను ఆదుకున్నది వెనక మూత

పర్లాకిమిడిలో తహసీలు ఆఫీసుకు వెళ్లే దారిలో మాకో చిన్న జిరాక్సు షాపు ఉంది. నాలుగేళ్లుగా ఒకే బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్ వాడుతున్నాను. నిమిషానికి ఎన్ని పేజీలు వస్తాయి, ట్రేలో ఎన్ని కాగితాలు పడతాయి లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా రాయను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఈ తరగతి మిషన్లలో చాలావాటికి ఉండేదే. అదే ప్రింటర్ వెనక మూత. కొన్న కొత్తలో దాన్ని తెరిచి కూడా చూడలేదు. ఇప్పుడు ఎవరైనా ఏ ప్రింటర్ కొనమంటావని అడిగితే, ముందు షాపులో వెనక మూత తెరిపించి చూడమని చెబుతున్నాను.

మా ఊరి కాగితాల సంగతి కొంచెం చెప్పాలి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు చేరింది, ఇళ్లల్లో తెలుగు అలాగే ఉండిపోయింది. అందుకే మా దగ్గరికి ఒడియా దరఖాస్తులు, తెలుగులో ఉన్న పాత దస్తావేజుల నకళ్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, స్టాంపు కాగితాల మీద అఫిడవిట్లు అన్నీ వస్తాయి. ఒక్కో కాగితం ఒక్కో మందం. ఎవరో మడిచి జేబులో పెట్టుకొచ్చిన కాగితం కూడా అదే మిషన్లోంచి పోవాలి.

కొన్న ఆరు నెలలకు "కాగితం ఇరుక్కుని ఒక్క జామ్ కూడా కాలేదు" అని కనపడినవాళ్లందరికీ చెప్పాను. నా మాట నమ్మి పాతపట్నంలో మా ఆడపడుచు వాళ్లు అదే మిషన్ తీసుకున్నారు. నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ షాపు పెట్టింది దీపావళి అయ్యాక. ఆ ఆరు నెలల్లో వాన లేదు, ట్రేలో ఎప్పుడూ కొత్త కట్టే ఉండేది. జూన్ చివర మొదటి ముసురు పట్టగానే లెక్క మారిపోయింది. రోజుకు రెండు మూడు సార్లు ఎర్ర లైటు. రెండేసి కాగితాలు అతుక్కుని లోపలికి పోయేవి, లేదంటే బయటికొచ్చే చోట అంచు చుట్టుకుపోయి ఆగిపోయేవి.

అప్పటికి నాకు తెలిసిందల్లా ముందు మూత తీసి, టోనర్ అనే నల్ల పొడి ఉండే డబ్బా బయటికి లాగి, కనపడిన కాగితం కొస పట్టుకుని లాగడమే. అది తప్పని తెలిసేసరికి ఒక స్టాంపు కాగితం పోయింది.

రెండో ఏడాది జూలైలో కాశీనగరం వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చారు. స్టాంపు కాగితం నాలుగు మడతలు పెట్టి, కవర్లో చుట్టి, గొడుగు కింద తెచ్చుకున్నారు. నోటరీ దగ్గర అదే రోజు సంతకం అయిపోవాలి. చేత్తో ఒక్కో కాగితం పెట్టే సందులో పెట్టి ప్రింటు ఇచ్చాను. సగం దూరం వెళ్లి కరకరమని ఆగిపోయింది. కంగారులో ముందు మూత తీసి, తెల్లగా కనపడిన కొస పట్టుకుని నా వైపు లాగాను. చిరిగిన చప్పుడు ఆయనకీ వినపడింది. "ఏటమ్మా, పోనాదా కాయితం?" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. మా మరిదిని పరుగున పంపి మా డబ్బుతోనే ఇంకో స్టాంపు కాగితం తెప్పించాను. దాన్ని పక్క షాపులో ప్రింటు తీయించి, వాన తెరిపివ్వగానే ఆయన్ని నోటరీ దగ్గరికి పంపాం.

మిగిలిన ముక్క తీయడానికి ఆ రోజు మొదటిసారి వెనక మూత తెరిచాను. కాగితం నడిచే దారి అప్పుడు అర్థమైంది. ట్రేలోంచి రబ్బరు రోలర్ కాగితాన్ని లాగుతుంది. డ్రమ్ము అనే గొట్టం కింద దాని మీద టోనర్ పొడి అంటుకుంటుంది. ఆ తర్వాత ఫ్యూజర్ సుమారు రెండు వందల డిగ్రీల వేడితో ఆ పొడిని కరిగించి అతికిస్తుంది. అక్కడి నుంచి కాగితం వెనకవైపు గుండ్రంగా వంగి, పైకి ఎక్కి, బోర్లా తిరిగి మీద పడుతుంది. చెమ్మ పట్టిన కాగితం ఆ వేడికి చుట్టుకుంటుంది, మడతలున్న కాగితం ఆ వంపు దగ్గరే తట్టుకుంటుంది. వెనక మూత కిందికి దించి తెరిచి ఉంచితే ఆ వంపే ఉండదు. కాగితం నేరుగా వెనక్కి వచ్చేస్తుంది.

స్విచ్ ఆపి, వేడి తగ్గడానికి అరగంట ఆగాను. మూత వెనక రెండు పక్కలా చిన్న మీటలున్నాయి, అవి కిందికి నొక్కితే ఫ్యూజర్ పట్టు వదులవుతుంది. అప్పుడు రెండు చేతులతో, కాగితం పోతున్న వైపుకే నిదానంగా లాగితే ముక్క బయటికి వచ్చేసింది. వేడి దాకా వెళ్లని భాగం మీద పొడి ఇంకా అతుక్కోక వేళ్లకు అంటింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మూతలన్నీ వేసి స్విచ్ వేస్తే మళ్లీ ఎర్ర లైటు, మళ్లీ "పేపర్ జామ్" అని. లోపల కాగితమే లేదు. రెండు రోజులు షాపులో ప్రింట్లు ఆగిపోయాయి. సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే మిషన్ చూడకుండానే ఫ్యూజర్ మొత్తం మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు మిషన్ ధరలో మూడో వంతు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడో రోజు పొద్దున చెత్తబుట్టలోంచి ఆ చిరిగిన స్టాంపు కాగితం ముక్కలు తీసి బల్ల మీద పరిచి జత చేశాను. ఒక మూల గోరంత ముక్క తక్కువైంది. ఆ ముక్క లోపలే ఉండాలి. వెనక మూత తీసి ఫోన్ టార్చి పట్టి చూస్తే, కాగితం బయటికి వచ్చే చోట నల్ల ప్లాస్టిక్ నాలుక ఒకటి కనపడింది. కాగితం వెళ్లేటప్పుడు అది వంగి, వెళ్లిపోయాక లేస్తుంది. దాన్ని బట్టే కాగితం ఉందో లేదో మిషన్‌కు తెలుస్తుంది. ఆ నాలుక సందులో ముక్క ఇరుక్కుని దాన్ని లేవనివ్వడం లేదు. కనుబొమలు తీసుకునే పట్టకారుతో ముక్క లాగగానే నాలుక టక్కున లేచింది. పచ్చ లైటు వచ్చింది. పైసా ఖర్చు కాలేదు.

అప్పటి నుంచి ఎప్పుడు కాగితం చిరిగి బయటికొచ్చినా, నాలుగు మూలలూ ఉన్నాయో లేదో బల్ల మీద పెట్టి చూశాకే మూత వేస్తాను.

జామ్ కాకుండా చూసుకోవడానికి నేను చేసే పనుల్లో పెద్దది కాగితాన్ని పొడిగా ఉంచడం. కట్ట మీది రేపర్ చెమ్మను ఆపడానికి వేసిందే కాబట్టి చివరిదాకా విప్పకుండా ఉంచుతాను. విప్పిన కట్టను గట్టి మూత ఉన్న పాత బియ్యం డబ్బాలో పెడతాను. వానాకాలంలో ఆ రోజుకు సరిపడా కాగితాలే ట్రేలో వేసి, రాత్రి మిగిలినవి మళ్లీ డబ్బాలోకి చేరుస్తాను. ఈ ఒక్క అలవాటుతో జామ్‌లు వారానికి ఒకటికి తగ్గాయి. ట్రేలో గీత దాటి నింపను. పక్క పట్టీలు కాగితానికి ఆనేలా జరుపుతాను, మరీ బిగించను. కట్టను విసనకర్రలా విదిలించి వేయమని నా మిషన్ పుస్తకంలో ఉంది. కొన్ని కంపెనీలు అలా విదిలించవద్దంటాయి, అందుకని మీ పుస్తకం చూసుకోండి. పలుచని కాగితం వాడే రోజు సెట్టింగుల్లో కూడా అదే ఎంచితే ఫ్యూజర్ వేడి తగ్గి చుట్టుకోవడం తగ్గుతుంది. స్టేపుల్ పిన్ను ఊడదీసిన కాగితం వెనక పేజీ ఖాళీగా ఉందని వాడడం మానేశాం. మడతల కాగితాన్ని బరువైన పుస్తకం కింద కాసేపు పెట్టి, అప్పుడు వెనక మూత దించి తీస్తాను.

మూడో ఏడాది వచ్చిన ఇబ్బంది వేరు. కాగితం ట్రేలోంచి కదిలేదే కాదు. పికప్ రోలర్ రబ్బరు నున్నబడి కాగితాన్ని పట్టుకోలేకపోయింది. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే నెల రోజులు నడిచింది, తర్వాత రోలర్, దాని కింది ప్యాడ్ రెండూ మార్చాల్సి వచ్చింది. దానికి వెనక మూత చేసేదేమీ లేదు.

మూతకు ఇంకో లోటు కూడా ఉంది. అది దించి ఉంచితే రెండు వైపులా ప్రింటు రాదు. పేజీలు వెల్లకిలా పడతాయి కాబట్టి వరస తిరగబడుతుంది. యాభై పేజీల రిపోర్టయితే చేత్తో సర్దుకోవాలి. కాలేజీ పిల్లలు పరీక్షల ముందు వచ్చినప్పుడు మూత వేసే పని చేస్తాను, జామ్‌లు కూడా అప్పుడే ఎక్కువ.

మాది రోజుకు నూటయాభై, రెండు వందల పేజీల షాపు, అందులో అఫిడవిట్లు, సర్టిఫికెట్లే ఎక్కువ కాబట్టి ఈ మిషన్ నాకు సరిపోయింది. మళ్లీ కొనాల్సి వస్తే ఇలాంటిదే కొంటాను. మూత పూర్తిగా తెరుచుకోవాలని పోయిన ఉగాదికి బల్ల జరిపించి, గోడకూ మిషన్‌కూ మధ్య అడుగున్నర ఖాళీ వదిలాను. మీ షాపులో మిషన్ గోడకు ఆనించే పెట్టాల్సి వస్తే, నేను చెప్పినదాంట్లో బియ్యం డబ్బా ఒక్కటే మీకు పనికొస్తుంది.