అట్టపెట్టెలో వచ్చిన బడి: వారం రోజులు వాడి చూశాక

మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఏడు. ఈ జూన్ నుంచి ఇద్దరినీ నల్లగొండలో మా ఇంట్లోనే చదివిస్తున్నాం. మొదటి రెండు నెలలు గవర్నమెంటు పాఠ్యపుస్తకాలతో నడిపించాను. తర్వాత మా చర్చి సంఘంలో ఒక అక్క చెప్తే, క్రైస్తవ కుటుంబాల కోసం అమెరికాలో తయారైన హోమ్‌స్కూల్ సెట్టు ఒకటి హైదరాబాద్‌లో ఒకళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 9,500 రూపాయలు పడింది. మాది పాత ఎడిషన్ కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటిది కొందామా వద్దా అని ఆలోచిస్తున్న అమ్మలకు పనికొస్తుందని మా మొదటి వారం ఎలా గడిచిందో చెప్తున్నాను.

ముందు బాగున్నది చెప్పాలి. తల్లి కోసం ఇచ్చిన పుస్తకం నాకు చాలా నచ్చింది. ఏ రోజు ఏ పాఠం, ఎంతసేపు చెప్పాలి, చివర ఏ ప్రశ్న అడగాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంతకుముందు రాత్రి పదింటికి వంటిల్లు సర్దుకుని కూర్చుని, రేపేం చెప్పాలి అని టెన్షన్ పడేదాన్ని. ఈ వారం ఒక్క రాత్రి కూడా అలా కూర్చోలేదు. బైబిల్, సైన్సు ఇద్దరికీ కలిపే చెప్పొచ్చు. లెక్కలు, చదవడం వేరువేరుగా. ఎనిమిదిన్నరకు మొదలుపెడితే పన్నెండుకల్లా ఇద్దరిదీ అయిపోయింది.

లెక్కల భాగం అయితే పెట్టిన డబ్బులకు న్యాయం చేసింది. చిన్నదానికి తీసివేతలంటే ఏడుపు. 32లోంచి 15 తీసెయ్యమంటే "రెండులోంచి ఐదు ఎట్లా పోతుందమ్మా" అని పెన్సిల్ కింద పెట్టేసేది. పై అంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలని నేను పదిసార్లు చెప్పాను, ఎక్కలేదు. ఈ సెట్టులో చిన్న ప్లాస్టిక్ గడులు, పది గడుల పొడవున్న కడ్డీలు ఉన్నాయి. మూడు కడ్డీలు, రెండు గడులు ముందు పెట్టుకుంది. కాసేపు చూసి, ఒక కడ్డీ డబ్బాలో వేసేసి పది గడులు ఏరుకుంది. ఇప్పుడు గడులు పన్నెండు. ఐదు పక్కకు తోసింది, ఏడు మిగిలాయి. రెండు కడ్డీల్లో ఒకటి తీసేసింది. "పదిహేడు" అని నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత నేను అడగకుండానే ఇంకో ఆరు లెక్కలు చేసింది.

కానీ డబ్బుల పాఠం దగ్గర బండి ఆగింది. అంతా అమెరికా నాణేలే: డైములు, నికెల్సు, క్వార్టర్లు. పది సెంట్ల డైము కంటే ఐదు సెంట్ల నికెల్ సైజులో పెద్దగా ఉంటుంది, అది గుర్తుపెట్టుకోవడమే ఆ పాఠం. మా పిల్లలకు దాంతో ఏం పని? ఆ పేజీలు వదిలేసి సాయంత్రం ఇద్దరినీ మార్కెట్‌కు తీసుకెళ్ళి, వంద నోటు పెద్దదాని చేతికిచ్చాను. బత్తాయిలు బేరం చేసి, చిల్లర లెక్కపెట్టుకుని రావాలి. పది రూపాయలు తక్కువొచ్చాయని తనే వెనక్కి వెళ్ళి అడిగి తెచ్చుకుంది.

సైన్సు పుస్తకం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బుధవారం పాఠం నీళ్ళు. కొండ మీద మంచు కరుగుతుంది, వాగవుతుంది, నదిలో కలుస్తుంది, కుళాయిలోకి వస్తుంది. బొమ్మలు చక్కగా ఉన్నాయి. కానీ నల్లగొండ పిల్లలకు నీళ్ళ పాఠం అంటే ఫ్లోరైడ్ గురించి చెప్పకుండా ఎలా? మా అత్తమ్మ పుట్టింది మర్రిగూడ వైపు, బావి నీళ్ళు, బోరు నీళ్ళు తాగి పెరిగింది. ఆమె పళ్ళ మీద గోధుమరంగు చారలు పిల్లలు రోజూ చూస్తూనే ఉన్నారు. ఎందుకున్నాయో నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. లీటరు తాగునీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని, చిన్నతనంలో అంతకంటే ఎక్కువున్న నీళ్ళు తాగితే పళ్ళకు మరకలు పడతాయని, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు పాడవుతాయని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్ళు తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ రూపొందించిందని, బయటి దేశాల పుస్తకాల్లో కూడా దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అనే రాస్తారని చెప్తే పెద్దదాని కళ్ళు పెద్దవయ్యాయి. ఫ్లోరైడ్ కంటికి కనపడదు కాబట్టి బకెట్‌లో మట్టినీళ్ళు కలిపి, పటిక ముక్క తిప్పించాను. అరగంటలో మట్టంతా అడుక్కి దిగి, పైన తేట నీళ్ళు నిలిచాయి.

పెద్దది చేతులు కడుక్కుని నేరుగా అత్తమ్మ దగ్గరికి వెళ్ళి, "నాయనమ్మా, నీ మోకాళ్ళు నొచ్చేది కూడా అందుకేనా?" అని అడిగింది. "కావచ్చు బిడ్డా, మా ఊర్లె చానామందికి అట్లనే" అన్నది ఆమె. ఆ మధ్యాహ్నం చిన్నది ఆమె కాళ్ళ దగ్గర్నుంచి కదల్లేదు. మంచు కొండల బొమ్మ అలాంటి మధ్యాహ్నాన్ని ఇవ్వలేదు. సైన్సుకు నేను మళ్ళీ మన పుస్తకాలే తీశాను. 2022-23 నుంచి మన రాష్ట్రంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వస్తున్నాయి కదా, పిల్ల ఒక భాషలో ఆగిపోతే పక్క పేజీ చూసుకుంటుంది.

వస్తువుగా చూస్తే రెండు లోపాలు. వర్క్‌బుక్కుల్లో ముందువాళ్ళ పిల్లలు రాసిన జవాబులు అలాగే ఉన్నాయి. అమ్మినవాళ్ళు ఆ మాట చెప్పలేదు. రెండు రాత్రులు మా వారు, నేను కూర్చుని రబ్బరుతో చెరిపాం. పెన్నుతో రాసినవి ఇక పోవు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు వర్క్‌బుక్కుల ఫొటోలు పేజీ పేజీ అడిగి తెప్పించుకోండి. రెండోది, దీన్ని పూర్తిచేస్తే వచ్చే సర్టిఫికెట్టు మనకు పనికిరాదు. ఇంట్లో చదివే మన పిల్లలు పరీక్ష రాయడానికి ఓపెన్ స్కూల్ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో చిన్నపిల్లలకు ఎ, బి, సి అని మూడు లెవెల్స్ ఉన్నాయి, అవి వరసగా మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. పద్నాలుగేళ్ళు నిండితే టెన్త్ రాయొచ్చు. మేం ఆ దారినే అనుకుంటున్నాం.

ఇక బైబిల్ భాగం. అసలు దీనికోసమే కొన్నాను. పాఠాలు భక్తితో రాశారు, ప్రశ్నలు కూడా పిల్లల మనసుకు తగిలేలా ఉన్నాయి. వారానికొక కంఠత వాక్యం ఇస్తారు. ఈ వారం 23వ కీర్తన. శుక్రవారం కుటుంబ ప్రార్థనలో పెద్దది లేచి నిలబడి మొత్తం ఇంగ్లిష్‌లో ఒక్క తప్పు లేకుండా చెప్పింది. నేను సంతోషంగా అత్తమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. అయిపోయాక కళ్ళు తెరిచి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఏం చెప్పినవో నాకు సమజ్ కాలే" అన్నది. అది 23వ కీర్తన అని చెప్తే, అప్పుడు ఆమె మొదలుపెట్టింది. ఆమెకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. చిన్నప్పుడు ఊరికొచ్చి బైబిల్ చెప్పే 'బైబిల్ స్త్రీ' నోట విని నేర్చుకున్న కీర్తన అది. చివరిదాకా ఆగకుండా చెప్పింది. చిన్నది మధ్యలో "పచ్చిక అంటే ఏంటి నాయనమ్మా?" అంటే, తను మేకలు కాసిన చెరువు కట్ట గురించి చెప్పింది.

నా పిల్లల ప్రార్థన వాళ్ళ నాయనమ్మకు అర్థం కాకపోతే నేనేం నేర్పుతున్నట్టు? ఇదే పుస్తకంలో నవంబర్‌లో అమెరికావాళ్ళ పంట పండుగ థాంక్స్‌గివింగ్ పాఠాలు వారమంతా ఉన్నాయి. మనకు కోత పండుగ ఉంది. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు చర్చికి తెచ్చి వేలం వేస్తాం. ఆ వారం ఆ పాఠాలు పక్కన పెట్టి పిల్లలను మా వారి ఊరికి తీసుకెళ్తాను.

ఐదుకు మూడు స్టార్లు ఇస్తాను. లెక్కల సెట్టు, తల్లి పుస్తకం విడిగా దొరికితే ధైర్యంగా తీసుకోండి. బైబిల్ కోసం అయితే ఇంత ఖర్చు అక్కర్లేదు.

సోమవారం నుంచి మా ఇంట్లో బైబిల్ పీరియడ్ అత్తమ్మది. ఏ వాక్యం పెట్టుకుందాం అని అడిగితే 121వ కీర్తన అన్నది. పెద్దది అప్పుడే నోట్‌బుక్ తెచ్చుకుని, ఆమె చెప్తుంటే తెలుగులో రాసుకుంది. రెండు చోట్ల ఒత్తులు తప్పాయి. పక్కన కూర్చుని దిద్దించాను.